ఉంటా మరి

మే 6, బుధవారం

ఈ డైరీ అమ్ములు పుట్టినరోజుకి ఎవరో ఇచ్చారు. పదమూడేళ్ళ పిల్లకి కాగితం మీద రాయడమంటే నామోషీ, అందుకని నేను తీసుకున్నాను. ఇంట్లో యుద్ధం సంగతి ఎత్తితే చాలు, ఈయన "టెన్షన్ పడకు వసూ, నువ్వే కదా ఎక్స్‌పర్ట్" అంటున్నారు. ఇంకోసారి ఆ మాటంటే చేతిలో ఏముంటే అది విసిరేస్తాను.

ఎక్స్‌పర్టునట. నా ఉద్యోగం గురించి అమ్ములు క్లాసులో "మై మమ్ గెసెస్ హూ ఈజ్ బ్లఫింగ్" అని చెప్పిందట. అందరూ నవ్వారట. నవ్వడానికేముంది, ఉన్న మాటే. ఓడలకి యుద్ధ బీమా ఇచ్చే కంపెనీలో కూర్చుని, ఏ దేశం అన్నంత పనీ చేస్తుంది, ఏ దేశం ఉత్తినే బెదిరిస్తోంది అని రాస్తాను. దాన్ని చూసి మావాళ్ళు ఏ ఓడకి బీమా ఇవ్వాలో తేల్చుకుంటారు.

యుద్ధం చేస్తున్నవి ఎక్కడో రెండు చిన్న దేశాలు. వాటి వెనక రెండు పెద్ద దేశాలున్నాయి, రెండు పెద్దిళ్ళనుకోండి. ఆ పేర్లు ఆఫీసులో పొద్దస్తమానం టైపు చేసి విసుగొచ్చింది, ఇక్కడ పడమటిల్లు, తూర్పిల్లు అని రాసుకుంటాను. ఈ రెండిళ్ళవాళ్ళూ తాము బరిలోకి దిగరు. ఎదుటివాడు ఎంతవరకూ వస్తాడు, ఎక్కడ తగ్గుతాడు అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఉంటారు. పోయినవారం తూర్పింటివాళ్ళు, ఫలానా జలసంధిలోంచి పోయే ఓడల్ని ఆపేస్తామన్నారు. ఆపితే చూస్తూ ఊరుకోమని పడమటింటివాళ్ళు అన్నారు. జలసంధి అంటే ఎంతని, మ్యాపులో చూస్తే సందు. ఆ సందు బయట ఓడలన్నీ లంగరేసుకుని కూర్చున్నాయి.

అందులో ఒకదాంట్లో మా తమ్ముడున్నాడు.

కౌశల్ ఆయిల్ ట్యాంకర్లో సెకండ్ ఇంజనీరు. భార్య శ్రావ్య ఈ దేశానికే అటు చివర పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటుంది, ఫార్మసీలో ఉద్యోగం. వీడు ఏడాదిలో సగం నీళ్ళ మీదే. వాడి ఓడకి బీమా మా కంపెనీది కాదు, అంతవరకు నయం.

మే 7

గ్రెగ్ మళ్ళీ అదే పాట. "వసు, వాట్స్ దెయిర్ రిజాల్వ్?" అంటూ నా కుర్చీ పక్కన నిలబడి కాఫీ తాగుతాడు. మా బాసుకి ప్రపంచంలో ఏం జరిగినా రిజాల్వే కావాలి.

తెలుగులో ఆ మాటని ఏమనాలా అని ట్రైన్లో ఆలోచించాను. పట్టుదల అంటే మెచ్చుకున్నట్టుంటుంది. మొండితనం అంటే తిట్టినట్టుంటుంది. పంతం అంటే మరీ ఇంటిగొడవలా ఉంటుంది. మేం దిగే స్టేషన్ క్రాన్‌బర్న్ వచ్చేసరికి పంతమే సరైనదని తేలింది.

నోట్ పూర్తి చేసి పంపాను. తూర్పింటి ప్రతినిధి "సమయం వచ్చినప్పుడు తగిన చర్య" అన్నాడు. ఆపేవాడు సమయం గురించి మాట్లాడడు, ఆపేస్తాడు. పడమటింటి మంత్రి వారంలో మూడుసార్లు మైకు ముందుకొచ్చాడు. కొట్టేవాడికి అన్నిసార్లు చెప్పే పనేముంది? ముందడుగు వేసే ఉద్దేశం ఇద్దరికీ లేదు, ఎదుటివాడు తగ్గితే చాలు. ఓడలు పోతాయి. ఎవరూ ఆపరు, దాటిపోతాయి అనే రాశాను, నమ్మే రాశాను.

రాత్రి అన్నం తినకుండానే లేచాను. భయమేం కాదు, మధ్యాహ్నం తిన్న శాండ్‌విచ్ పడలేదు.

మే 9, శనివారం

ఈయన పెరట్లో బార్బీ పెట్టారు, అదే బార్బెక్యూ. ఇక్కడ మే అంటే చలి మొదలు, ఈ చలిలో బార్బీ ఏమిటో! పక్కవీధి రాజారావు అంకుల్, సుగుణ ఆంటీ వచ్చారు. అంకుల్ రిటైరై మూడేళ్ళయింది. అప్పటినుంచీ ఆయన ఉద్యోగం యూట్యూబే.

"పడమటోళ్ళకి దమ్ము లేదమ్మా వసుంధరా! ఉంటే ఈపాటికి ఒక్కటిచ్చేవోళ్ళు," అన్నారు చికెన్ ముక్క గాల్లో ఊపుతూ.

"అంకుల్, ఇస్తే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుద్ది? ఆళ్ళు తోక ముడుస్తారు. ఒక్క ఓడ వదిలి చూడమను, తేలిపోద్ది."

ఆ ఒక్క ఓడ ఎవరిదనుకుంటున్నారో! సుగుణ ఆంటీ ఆయన మోచెయ్యి గిల్లారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. "అదేలే, మనోడికేం కాదు, నువ్వున్నావు కదా," అన్నారు. నేనుంటే ఏమిటి? ఒడ్డున నిలబడి క్షిపణుల్ని చీపురుతో కొడతానా?

"వాట్ ఇఫ్ దే డోంట్ నో దే ఆర్ బ్లఫింగ్, మమ్?" అంది అమ్ములు సాసేజ్ తింటూ. పిచ్చి ప్రశ్నలు అన్నాను.

మే 10, ఆదివారం

కౌశల్ ఫోన్ చేశాడు. భోజనాలయ్యి గిన్నెలు సర్దుతుంటే మోగింది.

ఒక సంగతి రాసుకోవాలి. జనవరిలో వాడూ శ్రావ్యా ఇక్కడికొచ్చినప్పుడు, ఇక ఈ సముద్రం మానెయ్యరా, ఒడ్డున ఉద్యోగం చూసుకో అని అరిచాను. నేను మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది, అరిస్తే ఇక చెప్పక్కర్లేదు. వాడు అందరి ముందూ నవ్వుతూ, "నువ్వు వద్దన్న కొద్దీ చెయ్యాలనిపిస్తదక్కా," అన్నాడు. ఈయన కూడా నవ్వారు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక వీడితో వద్దు అనే మాట అనకూడదని.

"అక్కా, కంపెనీ మెయిల్ పెట్టింది," అన్నాడు ఈరోజు. "జలసంధి లోపలికి రానన్నోళ్ళు మంగళవారంలోపు చెప్పెయ్యండి, బోటు పంపిస్తాం, ఇంటికెళ్ళిపోవచ్చు అని. యుద్ధం జోన్ కదా, బలవంతం చెయ్యకూడదు. ఇద్దరు దిగిపోతున్నారు. నువ్వేమంటావ్?"

"నేననేదేముంది?"

"నీ ఫీల్డే కదా. ఆళ్ళు నిజంగా ఆపేస్తారా?"

"ఆపరనే రాశాను."

"అయితే లోపలికి వెళ్ళొచ్చంటావా?"

వద్దు అని నోటిదాకా వచ్చింది. గిన్నె సింకులో పెట్టాను. చెయ్యి తుడుచుకున్నాను.

"నీ ఇష్టం," అన్నాను.

మా ఇంట్లో పుట్టినవాడెవడికైనా ఆ మాటకి అర్థం తెలుసు. అమ్మ నీ ఇష్టం అందంటే నాన్న కొన్న రైలు టిక్కెట్లు కూడా తిరిగిచ్చేసేవారు. నేనూ అమ్మలాగే అన్నాను, మెల్లగా, చల్లగా, గొంతు కొంచెం కూడా పెంచకుండా. ఇంత ఓర్పు నాలో ఉందని నాకే తెలీదు.

 "సరే అక్కా. ఉంటా మరి," అన్నాడు.

"ఆ, మంచిది," అన్నాను.

పెట్టేశాడు. అర్థమయ్యే ఉంటుంది. గొంతులోనే తెలిసింది నాకు, మెత్తబడ్డాడు. దిగిపోతాడు.

మే 11

శ్రావ్య ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. మొగుడు ఆమెకి కదా, కంగారుంటే ఆమే చేస్తుంది.

మే 12, మంగళవారం

శ్రావ్య చేసింది. లంచ్ టైమ్‌లో. ఎత్తగానే, "థాంక్స్ వదినా," అంది.

"ఎందుకు?"

"తనకి ధైర్యం చెప్పారంట కదా. మీతో మాట్లాడాక క్లియర్‌గా ఉన్నాడు. పొద్దున్న కంపెనీకి మెయిల్ కూడా పెట్టేశాడు, షిప్‌లోనే ఉంటానని."

"ఉంటాననా? నాతో చెప్పలేదే!"

"చెప్పానన్నాడే! ఉంటానక్కా అంటే మీరు మంచిది అన్నారంట."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పక్క డెస్కు అమ్మాయి తల తిప్పి చూసేంత గట్టిగా అరిచాను. "అది ఫోన్ పెట్టేసేటప్పుడు అనే ఉంటా అనుకున్నానే తల్లీ! తెలుగువాళ్ళెవరైనా ఫోన్ పెట్టేసేముందు ఉంటా మరి అనే కదా అంటారు! వాడు ఓడలో ఉంటానంటున్నాడని నాకేం తెలుసు?"

 ఆమె చిన్న గొంతుతో, "అంటే... మీరు వెళ్ళమనలేదా వదినా?" అంది.

"నీ ఇష్టం అన్నాను!"

"నీ ఇష్టం అంటే నీ ఇష్టమే కదా."

శ్రావ్య పుట్టిల్లు రాజమండ్రి, వాళ్ళకి అంతేనేమో. విశాఖలో, మా ఇంట్లో, అలాంటి అర్థం ఎప్పుడూ లేదు.

"పోనీ నువ్వెందుకు వద్దనలేదు?"

"అనేదాన్నే వదినా. రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. కానీ మీరు ఆ ఫీల్డ్‌లో ఉన్నారు కదా. డేంజరైతే మీరు ఊరుకోరు, మొదట నాకే ఫోన్ చేసి తిడతారనుకున్నా. నిన్నంతా చూశా. మీరు చెయ్యలేదు. అయితే ఏం లేదులే అని ఊపిరి పీల్చుకున్నా."

నేను ఆమె ఫోన్ కోసం చూస్తూ కూర్చున్నాను, ఆమె నా ఫోన్ కోసం. ఇద్దరం అవతలివాళ్ళు నిబ్బరంగా ఉన్నారనుకుని నిబ్బరంగా ఉన్నాం.

సాయంత్రం నుంచీ కౌశల్‌కి చేస్తూనే ఉన్నాను. కలవడం లేదు. మెసేజ్ పెట్టాను. ఒకటే టిక్కు.

మే 13

దిగిపోయేవాళ్ళని తీసుకెళ్ళే బోటు నిన్ననే వచ్చి వెళ్ళిపోయిందట. ఓడ లంగరు ఎత్తింది.

ఓడలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు ఆఫీసులో నా స్క్రీన్ మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ప్రతి ఓడా ఒక చుక్క. సందు మొదలయ్యే దగ్గర వాడి చుక్క మాయమైంది. కంగారు పడక్కర్లేదు, ఎవరికీ కనబడకుండా సిగ్నల్ ఆపేసుకుంటారు, అందరూ చేసేదే. దాని గురించి పోయినేడాది నేనే ఒక నోట్ రాశాను. చాలా బాగుందని గ్రెగ్ అన్నాడు.

మే 14

చుక్క లేదు.

ఈయన టెన్షన్ పడకు అనలేదు. ఆయనే వంట చేశారు. అది చూసి ఇంకా భయమేసింది.

మే 15

చుక్క లేదు. శ్రావ్య గంటగంటకీ చేస్తోంది. మాట్లాడుకోవడానికేమీ లేదు, ఫోన్ పట్టుకుని ఇద్దరం ఊరికే ఉంటున్నాం.

నేను రాసిన నోట్ మళ్ళీ తీసి చదివాను. "ఓడలు పోతాయి." ఎంత ధీమా! ఎవరిదా ధీమా? తూర్పింటివాడి మనసు నాకెలా తెలుసు? ఒకే కడుపున పుట్టిన తమ్ముడు ఫోన్‌లో అన్న రెండు మాటలు అర్థం చేసుకోలేనిదాన్ని, ఎప్పుడూ చూడని మనిషి మైకు ముందు అన్న మాటని పట్టుకుని ప్రపంచానికి జాతకం చెప్తున్నాను. భయంగా ఉంది. శాండ్‌విచ్ కాదు, ఏమీ కాదు, భయం.

మే 16, శనివారం

దాటారు. ఇంట్లో ఫోన్‌లో మ్యాపు చూస్తూనే ఉన్నాను, చుక్క వచ్చింది. అవతలి పక్క, రేవు దగ్గర. శ్రావ్యా నేనూ ఫోన్‌లో ఏడ్చాం. అమ్ములు వచ్చి నా తల నిమిరి, "యూ వర్ రైట్, మమ్," అంది.

మే 18, సోమవారం

ఆఫీసులో కేకు కోశారు. నిజంగానే కోశారు. మిగతా కంపెనీలన్నీ ఆపేస్తారన్నాయట, మేం ఒక్కళ్ళమే పోతాయన్నామట. "యూ కాల్డ్ ఇట్, వసు!" అంటాడు గ్రెగ్. నోట్లో కేకు తిరగలేదు.

రెండిళ్ళవాళ్ళూ ప్రకటనలు ఇచ్చుకున్నారు. మేం గట్టిగా నిలబడ్డాం కాబట్టే వాళ్ళు జంకారని పడమటిల్లు. మేం పోనీలే అని వదిలాం, చూశారుగా, వాళ్ళ యుద్ధనౌకలు దూరంగా జరిగాయని తూర్పిల్లు. ఎదుటివాడికి దమ్ము లేదని ఇద్దరికీ రూఢి అయిపోయింది. ఇంతకన్నా చెడ్డ కబురు ఉండదు. మొన్నటిదాకా ఒకళ్ళంటే ఒకళ్ళకి కాస్త జంకుండేది, ఓడలు దాటాయంటే ఆ జంకు పుణ్యమే. ఇప్పుడది కూడా పోయింది.

ఇదే గ్రెగ్‌కి చెప్పాను. ఈసారి ఆపుతారు, నోట్ మార్చి రాస్తానన్నాను. "మొన్న రైటయిన కాల్‌ని ఇవాళ ఎందుకు మార్చడం?" అన్నాడు. మొన్న రైటయింది కాబట్టే మార్చాలి అన్నాను. నా వంక జాలిగా చూసి, రెండ్రోజులు సెలవు పెట్టుకో అన్నాడు.

మే 20, బుధవారం

కౌశల్ వాయిస్ మెసేజ్. ఎంత హుషారో!

"అక్కా, సూపర్! నువ్వు చెప్పినట్టే అయ్యింది, ఒక్కడు కూడా అడ్డం రాలేదు. మా చీఫ్‌కి చెప్పా, మా అక్క ముందే చెప్పిందని. లోడింగ్ అయిపోవచ్చింది. శుక్రవారం మళ్ళీ అదే దారిలో బయటికొస్తాం. ఈసారి కూడా అడుగుతున్నారు ఎవరైనా దిగుతారా అని. నేనైతే ఉండిపోతాలే. నువ్వు కూల్‌గా ఉన్నావు చూడు, అది చాలు నాకు."

నాలుగుసార్లు విన్నాను. కూల్‌గా ఉన్నానట. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు కదా, నేనెప్పుడైనా కూల్‌గా ఉన్నానా? అక్క భయపడితే అరుస్తుంది, అరవలేదు, కాబట్టి భయం లేదు. అదీ వాడి లెక్క. తప్పు పట్టడానికేం లేదు, నేనైనా అలాగే లెక్క వేసేదాన్ని.

జనవరిలో వాడన్నమాట గుర్తొస్తోంది. వద్దంటే చేస్తాడు. వద్దనకపోయినా చేస్తున్నాడు. ఇక నా దగ్గర మిగిలిందేమిటి?

ఈయన్ని అడిగాను. "ఎక్స్‌పర్ట్‌లా కాకుండా చెప్పి చూడు," అన్నారు. ఇన్నేళ్ళలో ఈయనన్న మొదటి పనికొచ్చే మాట.

మే 21, గురువారం

పొద్దున్నుంచీ ట్రై చేస్తే సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కలిసింది, క్రాన్‌బర్న్ స్టేషన్లో. ట్రైన్ దిగాను, ప్లాట్‌ఫారం మీద జనం గబగబా కార్ల వైపు పోతున్నారు. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. పడమటిల్లు, తూర్పిల్లు, ప్రకటనలు, యుద్ధనౌకలు, వరసగా పెట్టుకున్నాను.

"అక్కా!" అనగానే అన్నీ పోయాయి.

"దిగిపోరా!" అని అరిచాను. "వద్దు! ఆ ఓడలో ఉండొద్దు. నాకేం తెలీదురా, నేను రాసేదంతా ఊహ. మొన్న కూడా ఏమీ తెలీదు. నీ ఇష్టం అంటే వద్దని! ఎన్నిసార్లు విన్నావురా అమ్మ నోటంట! నాకు భయంగా ఉంది. మూడు రోజులు ఆ చుక్క కనబడకపోతే నేను అన్నం తినలేదు. నువ్వు నన్ను పిరికిదన్నా సరే, జీవితాంతం నవ్వుకున్నా సరే, దిగిపో. వద్దంటున్నాను, విన్నావా? వద్దు!"

జనం ఆగి చూస్తున్నారు. ఒక ముసలావిడ దగ్గరికొచ్చి, "ఆర్ యూ ఓకే, లవ్?" అంది. చేత్తో వెళ్ళమని సైగ చేశాను, పాపం.

 నవ్వుతున్నాడేమో అనుకున్నాను. లైను తెగిందేమో అని కూడా అనుకున్నాను.

"ఉన్నావురా?"

"ఉన్నా," అన్నాడు. వాడి గొంతు బాగాలేదు. హుషారు అంతా ఎక్కడికి పోయిందో. "ఈ మాట వినడానికే అక్కా ఆ రోజు ఫోన్ చేసింది."

"ఏ మాట?"

"వద్దు అని. మిగతావోళ్ళంతా ఉంటుంటే నాకై నేను దిగుతాననడం నామోషీగా ఉండింది. మా అక్క ఒప్పుకోట్లేదు, గోల గోల చేస్తంది అని చెప్పి దిగిపోదామనుకున్నా. నువ్వు అరుస్తావని ఫోన్ స్పీకర్లో కూడా పెట్టా, పక్కనున్నోళ్ళకి వినబడాలని. బ్యాగు సర్దుకుని ఆ బ్యాగు మీదే కూర్చుని చేశా. నువ్వేమో మెల్లగా నీ ఇష్టం అన్నావు. ఇంక ఏ మొహం పెట్టుకుని దిగను?"

నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. 

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడూ బ్యాగు మీదే కూర్చున్నా," అన్నాడు. "స్పీకర్లోనే ఉన్నావు. ఇంకొంచెం గట్టిగా అరువక్కా, కెప్టెన్ అటుపక్క ఉన్నాడు."